పౌడరు తుడిచే కాంపౌండరు గారు

నేను బడికి ఏడో తరగతి దాకా వెళ్ళాను. చదువుకున్నానని మాత్రం ఎక్కడా చెప్పుకోను. బడే నన్ను ఏడేళ్ళు అటు తిప్పి ఇటు తిప్పి చదివి, ఒక్క ముక్క బోధపడక మూసేసింది. ఆఖరి రోజున లెక్కల మేష్టారు నా భుజం మీద చెయ్యేసి, "నువ్వెక్కడుంటే అక్కడ పదిమంది పోగవుతార్రా. ఆ పదిమందీ చదువుకునేవాళ్ళు కాకుండా చూసుకో, అంతే చాలు" అన్నారు. ఆ దీవెన ఫలించింది. ముప్పై ఏళ్ళుగా రాజమండ్రిలో ఒక పిల్లల ఆసుపత్రి ఎదురుగా టీ బండి నడుపుతున్నాను. పదిమందీ పోగవుతూనే ఉన్నారు.

ఇలాంటివాడి చేత కలం పట్టించింది ఒక ఫ్లెక్సీ.

పోయిన నెల ఒక పొద్దున్నే బండి తీయడానికి వస్తుంటే మా సెంటర్లో కరెంటు స్తంభానికి కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. పైన కన్నీటి నివాళి, మధ్యలో ఒక పెద్దాయన ఫొటో, కింద పేరు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. ఎవరో పాపం అనుకుని దాటిపోయి, నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చాను. ఆ కళ్ళు నాకు తెలుసు. మిగతా మొహమే తెలియలేదు. ఫ్లెక్సీ కుర్రాడు కంప్యూటర్లో ఆయన్ని తెల్లగా, నున్నగా పెళ్ళికొడుకుని చేసేశాడు. చామనఛాయ మనిషికి గులాబీరంగు పెదాలు పెట్టాడు. బతికినన్నాళ్ళూ ఊళ్ళో పిల్లల మొహాల మీద పౌడరు తుడిచిన మనిషిని, పోయాక పౌడరు రాసి సాగనంపారు. నా చెయ్యి నాకు తెలియకుండానే భుజం మీద తువ్వాలు అందుకుని ఆ మొహం తుడవబోయింది. తువ్వాలుకి దుమ్ము అంటింది గానీ ఆయన రంగు బయటికి రాలేదు.

ఆ పేరు ఇక్కడ రాయను. ఆయన నాకు తెలుసు, ఆ పేరు తెలియదు. మాకందరికీ ఆయన కాంపౌండరు గారు.

అప్పటికి ఆసుపత్రి ఇప్పుడున్న నాలుగంతస్తుల మేడ కాదు. రోడ్డు వైపు పొడుగాటి వసారా, లోపల డాక్టరు గారి గది, పక్కనే నాలుగు మంచాల గది. వసారా చివర గుమ్మం దగ్గర ఒక ఎత్తు స్టూలు. గోడకి మేకులు, మేకులకి అంకెలు వేసిన అట్టముక్కలు. వచ్చినవాళ్ళు వరసలో ఒక అట్టముక్క తీసుకుని బల్లల మీద కూర్చోవాలి. అంకె పిలిచి లోపలికి పంపడం కాంపౌండరు గారి ఉద్యోగం. కాగితం మీద ఆయన ఉద్యోగం అంతే.

కానీ ఆయన ఆ స్టూలు మీద కుదురుగా కూర్చోగా నేను చూళ్ళేదు. పెళ్ళిలో వడ్డన సరిగ్గా జరుగుతోందా లేదా అని పంక్తుల మధ్య తిరిగే పెద్దమనిషిలా వసారా ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉండేవారు. సన్నగా పొడుగ్గా ఉండేవారు. తెల్ల పొట్టిచేతుల చొక్కా. వాచీ మణికట్టు లోపలి వైపుకి తిప్పి పెట్టుకునేవారు. చొక్కా జేబులో పెన్ను బదులు ప్లాస్టిక్ సబ్బుపెట్టె. అందులో సబ్బు ఉండదు. తడిపి పిండి మడతపెట్టిన చేతిరుమాలు, దాని పక్కన వేలెడంత కాటుక భరిణె ఉండేవి.

మా గోదావరి జిల్లాలవాళ్ళం దారికడ్డంగా పడుకున్న కుక్కని కూడా "కొంచెం పక్కకి జరుగుతారా అండి" అంటామని పైఊళ్ళవాళ్ళు ఏడిపిస్తుంటారు. ఆ పరువు ఆయన నిలబెట్టారు. నెలల పిల్లల్ని సైతం గారు అనే పిలిచేవారు. "బాబుగారూ, ఒక్కసారి పొట్ట చూపిస్తారా అండి?" అని వంగి అడిగి, తల్లి వైపు తిరిగి "చొక్కా ఎత్తుతారా అమ్మా" అనేవారు. చొక్కా ఎత్తాక వేలు పైకి చూపించేవారు. ఆ వేలు దిగేదాకా ఎవరూ మాట్లాడకూడదు. వాచీలో సన్నముల్లు ఒక చుట్టు తిరిగేదాకా ఆ చిన్న పొట్ట ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టేవారు. తర్వాత గోరు నొక్కి వదిలి, ఎరుపు ఎంతసేపటికి తిరిగొస్తుందో చూసేవారు. "బాబుగారు పాలు తాగారా? ఒంటికి ఎప్పుడు పోసుకున్నారు? మీరు పిలిస్తే మీ వంక చూస్తున్నారా?" ఇవీ ప్రశ్నలు. జ్వరం ఎంత అని మాత్రం ఎప్పుడూ మొదట అడగరు.

వసారాలో గుక్కపట్టి ఏడ్చే పిల్లల్ని పలకరించకుండా దాటిపోయేవారు. మూల బల్ల మీద తల్లి భుజాన నిశ్శబ్దంగా వాలిపోయిన పిల్లో పిల్లాడో ఉంటే అక్కడ ఆగేవారు. కొత్తవాళ్ళకి ఇది అర్థమయ్యేది కాదు. ఒకసారి మండపేట వైపు నుంచి ఒక రైతుగారు కారులో వచ్చారు. రెండో నంబరు వాళ్ళది. కొడుక్కి చెవిపోటు. వాడి అరుపులకి నా బండి మీద గ్లాసులు గలగలలాడుతున్నాయి. కాంపౌండరు గారు ఒకటి పిలిచాక, ఇరవై తొమ్మిదో నంబరు పిలిచారు. సముద్రం పక్క నుంచి వచ్చిన చేపలవాళ్ళ పిల్ల. తల్లి ఒళ్ళో కళ్ళు అరమోడ్చి పడుకుని ఉంది. ఆ పిల్ల పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే మడత మడతగానే నిలబడిపోయిందిట. రెండు రోజులుగా విరేచనాలు. నీళ్ళు పోస్తే ఇంకా పోతాయని ఇంట్లో పెద్దావిడ నీళ్ళు మాన్పించింది.

రైతుగారు లేచారు. "ఏవండీ, మేం ఆరింటికొచ్చాం. రెండో నంబరండీ మాది. లెక్కలు రావా మీకు?"

"వస్తాయండి."

"మరి మావాడు ఇంత ఇదిగా ఏడుస్తుంటే కనబడట్లేదా?"

"వినబడుతోందండి. బాబుగారు బ్రహ్మాండంగా ఏడుస్తున్నారు. గొంతుందండి, బలముందండి, కోపం కూడా ఉందండి. మీరు అదృష్టవంతులు. కూర్చోండి."

టీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నాను. ఊరుకోవచ్చు కదా. "రైతుగారూ, తొందరగా లోపలికెళ్ళాలంటే చిట్కా చెప్పనా అండీ? మీవాడి నోరు మూయించండి" అన్నాను. వసారా అంతా గొల్లుమంది. రైతుగారి భార్య మాత్రం మూల వైపు చూసింది. ఆ పిల్లని కాంపౌండరు గారు తనే చేతుల మీద లోపలికి తీసుకెళ్తున్నారు. పిల్ల చెయ్యి తడిబట్టలా వేలాడుతోంది. "మీరు కూర్చోండీ" అని ఆవిడ మొగుడి చొక్కా పట్టి లాగింది. ఆయన కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన వంతు వచ్చినా ఇంకొకళ్ళని ముందు పొమ్మన్నారు.

నా చిట్కా మాత్రం ఊళ్ళోకి పాకింది. మర్నాటి నుంచి కొంతమంది తల్లులు పిల్లల చెవిలో "ఏడవకు, ఏడిస్తే లోపలికి పంపరు" అని ఊదడం మొదలెట్టారు. ఒక బుడ్డోడు తల్లి చెప్పినట్టే కళ్ళు మూసుకుని వేలాడిపోయాడు. కాంపౌండరు గారు వాడి అరికాలు గోటితో గీరారు. కిసుక్కున నవ్వాడు. "బాబుగారు వేషం బాగా కడతారండి. ముప్పై ఒకటి కదా మీది, సుఖంగా కూర్చోండి" అన్నారు.

ఇక పౌడరు సంగతి.

మావాళ్ళకి ఒక పద్ధతుంది. గోదావరి లంకల నుంచి రేవు దాటి వచ్చినా, జంగారెడ్డిగూడెం నుంచి బస్సెక్కి వచ్చినా, రాజమండ్రి డాక్టరు దగ్గరికి అంటే అది పెద్ద ప్రయాణం. పిల్లకి ప్రాణం మీదికొచ్చినా సరే స్నానం చేయించాలి, తల దువ్వాలి, పెట్టెలో గౌను తియ్యాలి. మెడ దాకా పౌడరు పొయ్యాలి. కాటుక, బొట్టు, బుగ్గన దిష్టిచుక్క. ఉన్నవాళ్ళయితే గొలుసు కూడా. ఎందుకంటే "అలాగే ఎలా తీసుకెళ్తామండీ, డాక్టరు గారేమనుకుంటారు?" అనేవారు. చలి అయితే పైన స్వెట్టరు, కోతి టోపీ, తువ్వాలు. ఆ పొట్లం విప్పి లోపలున్న పిల్లని కనిపెట్టడానికే సగం పూట పట్టేది.

అందుకే ఆ సబ్బుపెట్టె. "పౌడరు కింద రంగు తెలియదమ్మా. పెదాలు నల్లబడ్డాయో, మొహం పాలిపోయిందో, అది దాచేస్తుంది" అంటూ తడి రుమాలుతో తుడిచేసేవారు. తల్లులు చిన్నబుచ్చుకునేవారు. అమ్మమ్మలయితే యుద్ధమే. "దిష్టిచుక్క చెరిపేశాడమ్మా, చేతులు పడిపోను!" అని ఒక ముసలావిడ శాపనార్థాలు పెట్టింది. ఆయన కోప్పడలేదు. భరిణె తీసి, వేలికి కాటుక అద్ది, ఆ పిల్ల అరికాల్లో గుండ్రంగా చుక్క పెట్టారు. "దిష్టి ఇక్కడా ఆగుతుందండి అమ్మగారూ. మొహం మాత్రం నాకొదిలెయ్యండి" అన్నారు. ముసలావిడ ఆ చుక్క వంక చూసి, "కొంచెం పెద్దది పెట్టు నాయనా" అంది.

ఇంత సరుకు ఎదురుగా పెట్టుకుని నాలాంటివాడు ఊరుకుంటాడా? మేకప్ గారని నేనే పేరు పెట్టాను. బండి దగ్గర నలుగురు చేరగానే వాచీ లోపలికి తిప్పి, గ్లాసులు తుడిచే గుడ్డ మడతపెట్టి, "చొక్కా ఎత్తండి! పౌడరు తియ్యండి! ఎవరూ ఊపిరి పీల్చకండి, నేను లెక్కపెడుతున్నాను!" అని ఆయన గొంతుతో మొదలెట్టేవాణ్ణి. జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వేవారు. నవ్వుతూనే పిల్లల మొహాలు కొంగుతో తుడుచుకునేవారు, మేకప్ గారి చేతిలో పడటం ఎందుకని. ఒకరోజు డాక్టరు గారు టీ తాగుతూ "నీ బండి దగ్గర ఆగొచ్చినవాళ్ళ పిల్లల్ని చూడటం తేలికవుతోందయ్యా" అన్నారు. రెండు రోజులు కాలరు ఎగరేసుకు తిరిగాను.

కాంపౌండరు గారికి నా నాటకం తెలుసు. నాలుగింటికి రోడ్డు దాటి టీకి వచ్చేవారు. గ్లాసు చేతిలోకి తీసుకోగానే వసారాలో ఏదో కనబడేది. గ్లాసు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవారు. తిరిగొచ్చేసరికి టీ మీద మీగడ కట్టేది. దాన్నే తాగేవారు. ఉద్యోగం మానేశాక ఒకనాడు తీరిగ్గా బల్ల మీద కూర్చుని, మొదటిసారి వేడి టీ చివరిదాకా తాగి గ్లాసు కింద పెట్టి, "నీ టీ ఇంత ఘోరంగా ఉంటుందని ఇన్నేళ్ళూ తెలియలేదోయ్" అన్నారు.

ఇప్పుడు నా కూతురు సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామని మూడు కాగితాలు చింపాను.

పాపకి అప్పుడు ఏడో నెల. నాలుగు రోజులుగా ముసురు. పాపకి ముక్కు కారడం, దగ్గు, రాత్రంతా ఏడుపు. తెల్లవారేసరికి ఏడుపు ఆగింది. "హమ్మయ్య, తగ్గుముఖం పట్టింది" అంది మా అమ్మ. పాలు పట్టబోతే రెండు గుక్కలు తాగి వదిలేసింది. "నిద్రమత్తులే" అని నేను బండికి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి పాప అలాగే ఉంది. ఎందుకైనా మంచిది డాక్టరు గారికి చూపిద్దామని మా ఆవిడ పట్టుబట్టింది. తయారీ మొదలైంది. వేణ్ణీళ్ళ స్నానం, లేసు గౌను, ఊలు స్వెట్టరు, టోపీ. పౌడరు డబ్బా ఎక్కడుందో ఎవరికీ దొరక్కపోతే వెతికి అందించింది నేనే. పదేళ్ళు ఊరందరి పిల్లల పౌడరు మీద నవ్వించి బతికినవాణ్ణి, నా పిల్ల బుగ్గలకి నా చేత్తోనే అద్దాను. ముద్దొచ్చింది.

వసారా కిటకిటలాడుతోంది. ఒకటే దగ్గులు. మేకు మీద నుంచి నలభై మూడో నంబరు తీసుకున్నాను. కాంపౌండరు గారు అటు వైపు తిరిగి ఉన్నారు. పిలిచి, మా పాపని ఒకసారి చూడండి అని ఒక్క మాట అనొచ్చు. కానీ ఆ పొద్దునే ఆయన వింటుండగా ఆయన గొంతుతో పాతికమందిని నవ్వించాను. అరపూట తిరక్కుండా ఆయన ముందు నిలబడి మా పిల్లకి వరస తప్పించండి అనడానికి మొహం చెల్లలేదు. "ఎదురుగానే ఉన్నాం కదా, పిలిస్తే వద్దాం. ఈ దగ్గుల్లో ఎందుకు" అని పాపని బండి దగ్గరికి తెచ్చేశాను. మా ఆవిడ బల్ల మీద కూర్చుంది. నేను పాపని భుజాన వేసుకుని టీ కలుపుతున్నాను. ఆయన చూపు తిరిగే వసారాలోంచి నా పిల్లని నేనే బయటికి తెచ్చేశాను.

బండి మీద టేప్ రికార్డరులో ఏదో హుషారు పాట వస్తోంది. పాప తల చిన్నగా ఊగుతోంది. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. ఒకాయన చూసి, "ఏమోయ్, నీ కూతురు తాళం వేస్తోందే!" అన్నాడు.

అంతే, నాకు వేదిక దొరికింది. పాపని మోచేతి మీద కూర్చోబెట్టుకుని నలుగురి వైపు తిప్పాను. "తాళం కాదండీ, నా మాటకి తలూపుతోంది. మా ఇంట్లో నా మాటకి తలూపేది ఇదొక్కతే. చూడండి. ఏమ్మా, మీ నాన్న అందగాడా?" తల ఊగింది. "మీ అమ్మ వంట తినే నేనిలా చిక్కిపోయానా?" ఊగింది. "మీ మామ్మ గయ్యాళా?" ఊగింది. నవ్వులే నవ్వులు. మా ఆవిడ కూడా నవ్వింది. ఎండలేని ఆ ముసురు మధ్యాహ్నం, అంతమంది నవ్వుల మధ్య, నా చేతి మీద నా పిల్ల ఊపిరి అందక తల ఎగరేస్తోంది. నేను దాన్ని ఆడిస్తున్నాను.

అటు వసారాలో అప్పుడే ఒక పిల్లాడికి ఫిట్సు వచ్చాయి. నాయనమ్మ వాడి గుప్పెట్లో తాళాలగుత్తి కుక్కుతుంటే, కాంపౌండరు గారు "అమ్మగారూ, అవి బీరువాకండి" అని తీసి పక్కన పెట్టి, పిల్లాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టి, డాక్టరు గారు వచ్చాక చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. మా నవ్వులు విని ఇటు చూశారు.

ఆయన రోడ్డు దాటడం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. అటూ ఇటూ చూడలేదు. ఆర్టీసీ బస్సు కీచుమని ఆగింది. ఒక చెప్పు రోడ్డు మధ్యలో ఉండిపోయింది. వచ్చి పాప టోపీ లాగేశారు. రుమాలు తీసి మూతి చుట్టూ తుడిచారు. పౌడరు కింద పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. గౌను గుండీలు పుటుక్కున తెగ్గొట్టారు. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది, గుప్పెట్లో పట్టి నొక్కినట్టు.

"పాపగారూ" అని పిలిచారు. పాప చూడలేదు.

"ఎంతసేపయింది తల ఊపడం మొదలెట్టి?"

"ఇందాకటి నుంచే అండీ... పాటకి అనుకుని..."

టేప్ రికార్డరు పాడుతూనే ఉంది. ఎవరూ నవ్వడం లేదు. ఆయన పాపని లాక్కుని పరిగెత్తారు. మేము వెనకాల.

నెమ్ము బాగా ముదిరిందన్నారు డాక్టరు గారు. ఆక్సిజన్ పెట్టారు, సూది పొడిచారు. కొంచెం రంగు తిరిగింది గానీ, "ఊపిరి పీల్చి పీల్చి అలిసిపోతోంది. ఊపిరాడించే మిషను అవసరం పడొచ్చు. కాకినాడ తీసుకెళ్ళిపోండి, నేను ఫోన్ చేస్తాను" అన్నారు. ఆసుపత్రి వ్యాన్లో సిలిండరు ఎక్కించారు. మా ఆవిడ ఒళ్ళో పాపని నిటారుగా ఆనించి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని మాస్కు పట్టుకున్నారు కాంపౌండరు గారు. ఒక కాలికే చెప్పుంది.

ద్వారపూడి వచ్చేదాకా వాచీ, పాప పొట్ట, వాచీ, పాప పొట్ట, అంతే ఆయన చూపు. తర్వాత తలెత్తకుండానే నాతో అన్నారు. "మాట్లాడు."

"ఏం మాట్లాడనండీ?"

"ఏదో ఒకటి. కళ్ళు మూతలు పడుతున్నాయి. నీ గొంతు పాపగారికి తెలుసు."

పుట్టి బుద్ధెరిగాక నాకు మాట దొరకని రోజు అదొక్కటే. నోరు తెరిస్తే ఏడుపు వస్తోంది. "పాపా" అన్నాను. తర్వాత ఏమీ తోచలేదు. నా నోటికి బాగా అలవాటైనదేదో అదే వచ్చింది. "చొక్కా ఎత్తండి! పౌడరు తియ్యండి!" అని ఆయన గొంతుతోనే మొదలెట్టాను, కన్నీళ్ళు కారుతుంటే. మా ఆవిడ నావంక పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

కాంపౌండరు గారు వాచీ మీద నుంచి చూపు తిప్పలేదు. "నేనలా అనను" అన్నారు. "ఎత్తుతారా అమ్మా, అంటాను. మళ్ళీ అను."

"ఎత్తుతారా అమ్మా" అన్నాను.

"ఆ. అలా. ఆపకు."

సామర్లకోట దాటేదాకా ఆయన ముందు ఆయన్నే వేషం కట్టాను. తప్పులు దిద్దుతూనే ఉన్నారు. పాప కనురెప్పలు మూతపడబోయి, గొంతు హెచ్చించినప్పుడల్లా తెరుచుకునేవి.

కాకినాడలో పాపని లోపలికి తీసుకెళ్ళిపోయారు. తలుపు మూసేశారు. మిషను పెట్టాల్సిందే అనుకుని అన్నీ సిద్ధం చేసుకున్నారు. ఆ రాత్రీ మర్నాడూ మేము గోడకి ఆనుకుని కూర్చున్నాం. మూడోనాటి పొద్దున తలుపు అవతల నుంచి ఒక ఏడుపు వినబడింది. బొంగురుగా, కోపంగా, చెవులు చిల్లులు పడేలా. లోపల పదిమంది పిల్లలున్నా, అది మా పాపదేనని మా ఆవిడకి తెలిసిపోయింది. ఆ ఏడుపు వింటూ మేమిద్దరం చేతులు పట్టుకుని నవ్వుతుంటే పక్కనున్నవాళ్ళు భయపడ్డారు. నర్సమ్మ వచ్చి, "పాప మిషను దాకా పోలేదు. ఇంకో గంట ఆలస్యమైతే మాత్రం ఏమీ చెప్పలేకపోయేవాళ్ళం" అంది. తర్వాత కాస్త తటపటాయించి, "అరికాల్లో అంత పెద్ద కాటుక చుక్క ఎవరు పెట్టారండీ? ఎంత తుడిచినా పోవట్లేదు" అని అడిగింది.

ఆయన అప్పటికే ఊరెళ్ళిపోయారు. చేరిన సాయంత్రమే బస్సెక్కేశారు, మర్నాడు పొద్దున్నే అట్టముక్కలు మేకులకి తగిలించాలి కదా. ఒంటి చెప్పుతో బస్సెక్కిన మనిషి ఆయనొక్కరే అయ్యుంటారు.

తిరిగొచ్చాక బండి తీశాను గానీ నోరు తెరవలేదు. టీ పోస్తున్నాను, గ్లాసులు తుడుస్తున్నాను. వేషం కట్టమని పాతవాళ్ళు అడిగితే పని ఉందనేవాణ్ణి. ఇంటి దగ్గర పాప పాలు తాగుతుంటే పక్కన కూర్చుని పొట్ట లేవడం చూస్తూ ఉండేవాణ్ణి. మా ఆవిడ "ఇంక చాలు, దాన్ని నిద్రపోనివ్వండి" అని తరిమేది. కలలో కూడా ఆ తల ఊగుతుండేది. నవ్వించడమే పనిగా బతికినవాడికి, ఎవరైనా నవ్వితే ఇంటికి పరిగెత్తాలనిపించేది.

వారం చూశారు కాంపౌండరు గారు. ఎనిమిదోనాడు నాలుగింటికి వచ్చి టీ తీసుకున్నారు. వసారాలో ఏమీ లేనట్టుంది, గ్లాసు బల్ల మీద పెట్టలేదు. నేను చేతులు నలుపుకుంటూ నిలబడ్డాను. క్షమించండి అనాలి. అది నోటికి రాలేదు. బదులుగా వారం నుంచీ నన్ను తినేస్తున్నది అడిగాను.

"కన్నతండ్రిని, చేతి మీద పెట్టుకుని కూడా కనిపెట్టలేకపోయానండీ. రోడ్డు అవతల నుంచి మీకెలా తెలిసిందండీ?"

ఆయన గ్లాసులో ఊదుకుంటూ, నవ్వు మొహం లేకుండా అన్నారు.

"పదేళ్ళ నుంచి నీ జోకులు వింటున్నానోయ్. ఒంట్లో బాగున్న మనిషెవరూ వాటికి అంతసేపు తలూపరు."